దీర్ఘవ్యాధియు, జీవనోపాధియు

(తోటపల్లి గూడూరునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)



ఏటేట ఈ వేదికమీద మన సంఘాభివృద్ధిని గూర్చియు, విద్యానిధిని గూర్చియు, వివాహ సంబంధముల సౌకర్యమును గూర్చియు పెద్దలు ప్రసంగించుచు వచ్చిరి. ఈ యేడు కార్యనిర్వాహకులు మమ్ము పిలిచి, మాకు తోచిన విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. మేము పండితులము గాము, వైద్యులమును గాము. 2003వ సంవత్సరము మొదలు ఉపాధ్యాయవృత్తిలో నున్నాము. 2006వ సంవత్సరము మొదలు ఒక దీర్ఘవ్యాధితో కాపురము చేయుచున్నాము. ఈ రెంటిని ఒకే కాడికి కట్టి దున్నుట యెట్లో కొంత దెబ్బతిని నేర్చుకొంటిమి. అదియే నేడు మనవి చేయ సాహసించుచున్నాము.

మన నెల్లూరి రొట్టెల పండుగ నెఱుగనివారు ఈ సభలో నుండరు. మొహరం మాసమున బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెఱువు నీట నిలిచి, కోరిక గలవారు ఆ కోరిక తీరినవారి చేతినుండి రొట్టె నందుకొందురు. తమ కోరికయు తీరినచో మఱుసటి యేడు తామే రొట్టె తెచ్చి యితరుల కిత్తురు. మతభేదము లేక, కులభేదము లేక వచ్చిన జనములో ఆరోగ్య రొట్టె యని యొకచోట, ఉద్యోగ రొట్టె యని యొకచోట, వివాహ రొట్టె యని వేఱొకచోట కేకలు వినబడును. 2007లో, పేరు తెలియని నొప్పులతో మేమా నీటిలో నిలిచి, ఏ రొట్టె నడుగవలయునో తోచక చాలసేపు ఊరకుంటిమి. ఆరోగ్యము లేనిచో ఉద్యోగము నిలువదు. ఉద్యోగము లేనిచో మందులకు డబ్బు లేదు. తుదకు రెండు రొట్టెలును తీసికొంటిమి. ఆ రెండు రొట్టెలను గూర్చియే నేటి మా ప్రసంగము.

1. వ్యాధి స్వరూపము

దేహమునకు రోగనిరోధకశక్తి యనునది పొలమునకు కంచె వంటిది. బయటినుండి వచ్చు సూక్ష్మజీవులను అడ్డగించుట దాని ధర్మము. ఆ శక్తి తన పర భేదమును మఱచి, కాపాడవలసిన దేహమునే పగగా నెంచినచో కంచెయే చేను మేసినట్లగును. దీనినే వైద్యులు ఆటో ఇమ్యూన్ వ్యాధి యందురు. అది కీళ్లమీద పడినచో రుమటాయిడ్ కీళ్లవాతము. చర్మము, కీళ్లు, మూత్రపిండములు, రక్తము మొదలగు పెక్కింటిమీద పడినచో లుపస్. కండరములమీద పడినచో మయోసైటిస్. గొంతునందలి గ్రంథిమీద పడినచో హాషిమోటో థైరాయిడ్ వ్యాధి. పసివారికి సయితము వచ్చు టైప్ 1 మధుమేహమును ఈ కోవలోనిదే. పేర్లు వేఱు, మూలమున జరుగు తిరుగుబాటు ఒక్కటే.

1900 ప్రాంతమున జర్మనీ దేశపు పాల్ ఎర్లిక్ మహాశయుడు, దేహము తన్ను తాను హింసించుకొనుటకు ప్రకృతి యొప్పదని తలంచెను. శాస్త్రజ్ఞులు చాలకాలము ఆ మాటనే పట్టుకొని యుండిరి. 1956లో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ యనువారు అమెరికాలో కుందేళ్ల థైరాయిడ్ గ్రంథులపై చేసిన పరీక్షలు అట్టి హింస సంభవమేనని చూపెను. పండితులే అర్ధశతాబ్దము నమ్మనిదానిని మన యింటి పెద్దలు ఒక్కనాట నమ్మలేదని మేము నిష్ఠురమాడము.

ఈ వ్యాధులను గూర్చి నాలుగు సంగతులు తెలిసికొన్న చాలును. ఇవి అంటువ్యాధులు కావు. వీనిలో పెక్కింటికి సమూలనాశనము చేయు మందు లేదు. కాని అణచియుంచు మందులు గలవు. ఇవి పోటు పాటులవలె వచ్చి పోవుచుండును. ఒక నెల సముద్రము వెనుకకు పోయినట్లుండి, మఱునెల గట్టు దాటివచ్చును. కడపటి సంగతి, ఇవి స్త్రీలయందు హెచ్చు. లుపస్ వచ్చినవారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలే. అందును పదునైదు మొదలు నలువదియైదేండ్ల లోపువారే హెచ్చు. అనగా చదువు ముగియు కాలము, ఉద్యోగము దొరకు కాలము, పెండ్లి మాటలు నడచు కాలము. వ్యాధి సరిగా ఆ గుమ్మముకడనే కూర్చుండును.

2. "నిన్న బాగానే యుంటిరి గదమ్మా!"

2006లో చికున్‌గున్యా జ్వరము మన రాష్ట్రమున వ్యాపించినప్పుడు మాకును వచ్చెను. జ్వరము కొలది దినములలో తగ్గెను; కీళ్లనొప్పులు తగ్గలేదు. ఆ యేడు ఊరిలో ఎవరి మోకాలు నొచ్చినను అది చికున్‌గున్యాయే. "తగ్గిపోవునులే" యని అందఱును అనిరి, మేమును అనుకొంటిమి. కొన్ని నెలలకు ఇరుగుపొరుగువారి నొప్పులు తగ్గెను. మావి చేతివ్రేళ్ల మొదళ్లలో స్థిరపడెను. ఉదయము లేచిన పిమ్మట గంటన్నరసేపు పిడికిలి ముడుచుకొనదు. చీర కుచ్చెళ్లు పట్టుబడవు. ఊరగాయ జాడీ మూత రాదు. బడిలో సుద్దముక్క వ్రేళ్లలో నిలువదు. మధ్యాహ్నమగుసరికి చేతులు సడలి, ఏమియు జరుగనట్లే యుండెడివి.

ఆ హెచ్చుతగ్గే మా పాలిటి శత్రువయ్యెను. ఉదయము ప్రార్థనకు ఆలస్యముగా వచ్చి, సాయంకాలము పిల్లలతో ఆటస్థలమున చకచక నడచు ఉపాధ్యాయినిని ఎవరు నమ్ముదురు? నాటి మా పై యధికారి యొకనాడు, "నిన్న బాగానే యుంటిరి గదమ్మా!" యనిరి. ఆ మాటలో అసత్యము లేదు. నిన్న మేము బాగానే యుంటిమి. కాలు విరిగినవానికి కట్టు సాక్ష్యము. జ్వరము వచ్చినవానికి ఒంటి వేడి సాక్ష్యము. మా నొప్పికి సాక్షి యెవరును లేకపోయిరి.

నాటినుండి మేమొక దుర్విద్య నేర్చితిమి. బాగుగానున్న దినములందు రెట్టింపు పనిచేసి మెప్పు కూడబెట్టుట. బాగులేని దినములందు నొప్పిని దాచుట. వైద్యునియొద్దకు పోయినచో చీటీ పుట్టును, చీటీ పుట్టినచో వ్యాధికి పేరు పుట్టును, పేరు పుట్టినచో ఊరు పలుకును. ఈ భయముచేత మూడేండ్లు దాచితిమి.

ఆ మూడేండ్లు మమ్ము నిలిపినది ఒక చిన్న తెల్లని మాత్ర. పొరుగూరి యొక వైద్యుడు పొట్లములో చుట్టి యిచ్చెడివాడు. మ్రింగిన నాటి సాయంకాలమునకే నొప్పి మాయమగును. కొలది నెలలలో మా ముఖము గుండ్రనై నిండెను. చుట్టపక్కాలందఱును "ఒళ్లు చేసినావమ్మా, ఇప్పుడు కళగా నున్నావు" అని సంతోషించిరి. అది స్టిరాయిడ్ మాత్రయనియు, ఆ కళ దాని వాపనియు పిమ్మట తెలిసెను.

ఆ మందు చెడ్డదని మేమనము. దాని చరిత్ర అద్భుతమైనది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌నందు ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతముచే మంచమునకంటుకొన్న యొక స్త్రీకి కార్టిసోన్ అను మందు నిచ్చినప్పుడు, ఆమె కొలది దినములలోనే లేచి నడిచెను. 1950లో ఆయనకును, కెండాల్, రైక్‌స్టైన్ అను మఱియిద్దఱికిని నోబెల్ బహుమానము లభించెను. కాని వెనువెంటనే దాని రెండవ ముఖమును లోకము చూచెను. విచారణ లేక చిరకాలము వాడినచో ఎముకలు గుల్లబాఱును, మధుమేహము వచ్చును, చిన్న పుండును మానదు. అట్లని నెలల తరబడి వాడినదానిని ఒక్కసారిగా మానుటయు ప్రాణాపాయము. తెలిసినవాని చేతిలో నది కత్తెర. తెలియనివాని చేతిలో కత్తి.

2009లో చెన్నపట్టణమున నొక పెద్ద యాసుపత్రిలో రక్తపరీక్షలు చేసి, రుమటాయిడ్ కీళ్లవాతమని చెప్పిరి. అప్పటికే మా కుడిచేతి రెండు వ్రేళ్లు వంకరపోయియుండెను. వ్యాధి మొదలైన తొలి నెలలలోనే తగిన మందు పడినచో కీలు చెడకుండ కాపాడవచ్చునట. చెడిన పిదప ఏ మందును దానిని తిన్నగా చేయలేదు. ఆ రెండు వ్రేళ్లను మేమీ సభకు చూపుచున్నాము. వీనిని వంచినది వ్యాధి యొక్కటియే కాదు. మా మౌనమును వంచినది.

3. ఒక తెలుగువాని ఋణము

నాడు వైద్యులు వ్రాసియిచ్చిన చీటీలో రెండు పేర్లుండెను: వారమున కొక్కసారి మాత్రమే మెథోట్రెక్సేట్, దాని తాపమును తగ్గించుటకు వేఱొక దినమున ఫోలిక్ యాసిడ్. ఆ రెండు పేర్లవెనుకను ఒక తెలుగువాడున్నాడని మాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

ఆయన యెల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల అధ్యాపకుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.యస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. స్ప్రూ అను ప్రేగుల వ్యాధి ఆయన సోదరుల నిరువురను కొద్దికాలపు టెడముతో పొట్టన పెట్టుకొనెను. ఆయనకును ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. ఆ వ్యాధి మేము చెప్పుచున్న కోవలోనిది గాదు. కాని దేహబాధ యెట్టిదో, దానిమధ్య చదువు సాగించుట యెట్టిదో ఆయన యెఱుగును.

ఆయన అమెరికా వెళ్లుటకు మామగారు సమకూర్చిన ధనము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధివారి సహాయపు మాటయు తోడ్పడెను. పోషక మహాశయులు ఈ సంగతిని మనసున నుంచుకొన ప్రార్థన. ఒక దాత ధర్మనిధి చేయూత నిచ్చిన విద్యార్థి యెవరి కీళ్లను నిలుపునో నాడెవరెఱుగుదురు? హార్వర్డులో శ్రమించి, 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరి, ఆయన నాయకత్వమున ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమముగా తయారుచేసిరి. పిమ్మట ఆ ఫోలిక్ యాసిడ్‌కు ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు ఆ శాలనుండియే వెలువడెను. మొదటిదానిని సిడ్నీ ఫార్బర్ వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలకిచ్చి, 1948లో ఫలితములను ప్రకటించెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావు గారు పరమపదించిరి.

1951లో అమినోప్టెరిన్ కీళ్లవాతమునకును, సోరియాసిస్ చర్మవ్యాధికిని పనికివచ్చునని కనుగొనిరి. 1988లో అమెరికా ప్రభుత్వము మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతమునకు అంగీకరించెను. నేడు లోకమంతటను కీళ్లవాత చికిత్సకు అదియే మూలస్తంభము. ఘాటైన మందును, దాని ఘాటును తగ్గించు మందును ఒకే తెలుగువాని శాలనుండి వచ్చుట చూడుడు. ఆయన కులమేదని మేము విచారింపలేదు. వ్యాధియు మా కులమును విచారింపలేదు.

ఇచ్చట నొక హెచ్చరిక. మెథోట్రెక్సేట్ వారమునకొక్కసారి పుచ్చుకొనవలసిన మందు. పొరబాటున దినదినమును మ్రింగి ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు గలరు. ఇంటిలో చదువురాని పెద్దలుండినచో గోడనున్న క్యాలెండరుపై ఆ వారమునకు చుట్టు గీసియుంచుడు. గర్భిణులును, సంతానము కోరువారును దానిని వాడరాదు. ముందుగా వైద్యునితో చెప్పి మందు మార్పించుకొనవలయును. రక్తపరీక్షలు తప్పరాదు.

4. పని మానవలయునా?

చీటీ చూచిన నాడు మా యింట మొదట పుట్టిన మాట, "ఉద్యోగము మానుకొనుము" అని. ప్రేమతోనే యనిరి. కాని జీతము మానినచో నెలనెల మందులెవరు తెత్తురు? అంతకంటె, నలువదిమంది పిల్లల యెదుట నిలుచు ఆ కొన్ని గంటలే మేము రోగిమని మఱచియుండు గంటలు. కనుక పని మానలేదు. పని తీరు మార్చితిమి. ప్రధానోపాధ్యాయులకు వ్యాధి పేరు చెప్పితిమి. మొదటి రెండు పీరియడ్లు ఒక సహోపాధ్యాయిని తీసికొనెను. ఆమె చివరి రెండును మేము తీసికొంటిమి. నల్లబల్లపై వ్రాయుటకు దినమున కొక పిల్లను పిలిచితిమి. మేము చెప్పగా వారు వ్రాసిరి. మా చేతికి విశ్రాంతి, వారి చేవ్రాతకు సాధన. ఇన్నియు కుదురుటకు ప్రభుత్వపు టుత్తరువేదియు అక్కఱ లేకపోయెను; ఒక్క అరగంట మాట కావలసివచ్చెను. ఆ అరగంటకు భయపడి మేము మూడేండ్లును రెండు వ్రేళ్లును పోగొట్టుకొంటిమి.

అన్ని పనులును బడిపని వంటివి కావని మేమెఱుగుదుము. మన మండలపు పనులనే చూతము. లుపస్ గలవారికి ఎండ పగ. వరినాట్లకును, కలుపునకును పోవు స్త్రీకి ముక్కుమీదను బుగ్గలమీదను ఎఱ్ఱని మచ్చ లేచి, ఎండ తగిలిన ప్రతిసారి జ్వరమును కీళ్లనొప్పియు వచ్చినచో, దానిని ఎండదెబ్బ యని త్రోసివేయక పరీక్ష చేయించవలయును. ఆమెకు నిండు చేతుల రవికయు, తలపై గుడ్డయు, పదిగంటలలోపును ప్రొద్దువాలిన పిదపను పనియు నిచ్చినచో కొంత మేలు. స్క్లీరోడెర్మా గలవారికి చలి పగ. రొయ్యలు ఒలుచు షెడ్డులలో మంచుగడ్డలమధ్య చేతులుంచు ఆడబిడ్డల వ్రేళ్లు తెల్లబడి, నీలమై, పిదప ఎఱ్ఱబాఱుచున్నచో అది రేనో యను లక్షణము కావచ్చును. అట్టివారిని మంచుబల్లనుండి తీసి, తూకమువద్దనో లెక్కలవద్దనో ఉంచుట యజమానికి పెద్ద నష్టము గాదు. కీళ్లవాతము గలవారికి తెల్లవాఱుజాము పగ. రొయ్యల గుంటలవద్ద రాత్రి కావలి, 2008లో ప్రారంభమైన కృష్ణపట్నము ఓడరేవువంటి చోట్ల వంతుల పని, ఇవి నిద్రను చెఱచును. నిద్ర చెడిన దేహమునకు ఈ వ్యాధుల యలసట మఱింత భారమగును. వంతు మార్చుట కొందఱికి మందుతో సమానము.

మా అనుభవమున మఱియొక చిన్న సాధనము గలదు: ఒక నోటు పుస్తకము. దినమున కొక పంక్తి. ఎన్ని గంటలకు పిడికిలి ముడుచుకొనెను, ఏ పని చేసితిమి, మఱునాడెట్లుండెను. ఆరునెలలు వ్రాసిన పిదప ఏ పని మమ్ము పడవేయుచున్నదో కనబడెను. వైద్యునికది అక్కఱకు వచ్చెను. "నిన్న బాగానే యుంటిరి గదా" యన్నవారికి అదియే మా సాక్షి యయ్యెను.

5. దాచుటయు, చెప్పుటయు

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు రెన్వార్ 1892 ప్రాంతమున కీళ్లవాతము పాలై, వ్రేళ్లు కొంకరలు పోయినను, కుంచెను ఆ వ్రేళ్ల నడుమ నిలుపుకొని 1919లో కన్నుమూయువఱకు చిత్రములు వ్రాయుచునే యుండెను. ఇది దూరపు కథ. దగ్గఱి కథ మన యువజనులెల్ల రెఱిగినదే. 2010లో "ఏ మాయ చేసావె" చిత్రముతో తెలుగువారికి పరిచయమైన నటి సమంత, 2022 అక్టోబరులో తనకు మయోసైటిస్ వ్యాధి సోకినదని తానే ప్రకటించెను. "యశోద" చిత్రమునకు గళమిచ్చుచు, చేతికి సూదియుంచుకొని కూర్చున్న ఛాయాచిత్రమును ఆ ప్రకటనతో వెలువరించెను. 2023లో "ఖుషి" చిత్రపు పని ముగించి, చికిత్సకై కొంతకాలము నటనకు విరామమిచ్చి, మరల పనిలోనికి వచ్చెను. 2025లో "శుభం" అను చిత్రమును నిర్మించెను. ఆమెకు ధనము గలదు, మనకు లేదని యనవచ్చును. నిజమే. కాని రూపమే జీవనాధారమైన వృత్తిలో నుండి, రోగము పేరును తన నోట పలుకుటకు ధనము చాలదు. కొంతకాలము పని నిలిపినంతమాత్రమున వృత్తి ముగిసినట్లు కాదనియు ఆమె చూపినది.

మన యిండ్లలో జరుగునదేమి? మన సంఘపు వధూవరుల పరిచయపత్రమున "ఆరోగ్యము" అని యొక గడి యున్నది. అందు "బాగు" అను మాట తప్ప వేఱొకటి వ్రాసిన పత్రమును మేము నేటివఱకు చూడలేదు. మాకు తెలిసిన యొక బిడ్డ లుపస్ వ్యాధిని దాచి పెండ్లి చేసికొనెను, దాచుమన్నవారు పెద్దలే. అత్తవారింట మాత్రలను పౌడరు డబ్బాలో పెట్టుకొని కొన్నాళ్లు మ్రింగెను. పిదప కనబడునేమోనని మానివేసెను. చేయుచున్న ఉద్యోగమును, సెలవు లెందుకని అడుగుదురని విడిచిపెట్టెను. సంవత్సరము తిరుగకముందే కాళ్లవాపుతో ఆసుపత్రిలో చేరునప్పటికి వ్యాధి మూత్రపిండములమీద పడియుండెను. దైవానుగ్రహమున ప్రాణము నిలిచెను. భర్త యామె ప్రక్కన కూర్చుండి మాతో ననిన మాట యొక్కటే: "అక్కా, నాతో చెప్పియుండిన నేను కాదందునా?" కాదనునో కాదో యెవరు చెప్పగలరు? కాని అడుగక మునుపే ఆయన కాదనునని మనమే తీర్పు వ్రాసితిమి.

లుపస్ గలవారు పెండ్లియాడరాదనియు, బిడ్డలను కనరాదనియు శాస్త్రమనదు. వ్యాధి కనీస మాఱు నెలలు అణగియున్న పిదప, వైద్యుల పర్యవేక్షణలో, గర్భమునకు హానిచేయని మందులతో బిడ్డలను కన్నతల్లులు గలరు. తల్లికున్నంత మాత్రమున బిడ్డకు తప్పక వచ్చుననుటయు సరిగాదు. రక్తసంబంధుల కవకాశము కొంత హెచ్చు, అంతియే.

6. చట్టము ఎంతవఱకు?

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 20వ ప్రకరణము ప్రకారము, ప్రభుత్వోద్యోగి యెవరైనను సేవలో నుండగా వైకల్యము పొందినచో, వారిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. ఆ పనికి పనికిరానిచో సమాన వేతనముగల వేఱొక పనిలో నుంచవలయును. అయితే ఆ చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో మల్టిపుల్ స్క్లీరోసిస్ గలదు గాని, కీళ్లవాతము పేరు గాని లుపస్ పేరు గాని లేవు. కీళ్లు చెడి కదలిక పోయిన పిదప చలన వైకల్యము క్రింద ధ్రువపత్రము పొందవచ్చును. అనగా ఎముక వంగిన పిదప గాని చట్టము కన్ను తెఱవదు. ఎముక వంగకముందే చూడవలసినవారు ఇంటివారు, పని యిచ్చినవారు, సంఘమువారు.

కర్మాగారములలో పనిచేయుచు ఇ.యస్.ఐ. గలవారికి, నిబంధనలకు లోబడి, సంవత్సరమున 91 దినములవఱకు వేతనములో 70 శాతము అనారోగ్యభృతి లభించును. మన రొయ్యల కర్మాగారపు పనివారిలో ఇ.యస్.ఐ. చీటీ యుండియు ఈ సంగతి నెఱుగనివారు గలరు. తెలిసినవారు తెలియనివారికి చెప్పవలయును.

7. మా మనవి

సభవారి యెదుట నాలుగు కోరికలు ఉంచుచున్నాము.

ఒకటి: మన విద్యానిధి నియమములలో, మధ్య నొక యేడు చదువు నిలిచినచో వేతనము నిలుపవలయునని యున్నది. వ్యాధిచే ఆ యేడు నిలిచినదని వైద్యుని పత్రము తెచ్చినవారికి ఈ నియమమును సడలింపుడు. రెండుమారులు పరీక్ష తప్పిన సుబ్బారావు గారిని తలచికొనుడు.

రెండు: పరిచయపత్రమునుండి ఆరోగ్యపు గడిని తీసివేయుడు. అసత్యము వ్రాయించు గడివలన ఎవరికి లాభము? దానికి బదులు, సంబంధము ముందుకు సాగునప్పుడు ఇరుపక్షముల పెద్దలును వధూవరులును కూర్చుండి ఆరోగ్యమును గూర్చి నెమ్మదిగా మాటలాడుకొనునట్లు మన కార్యదర్శులే ఏర్పాటు చేయుదురు గాక. వరుని యారోగ్యమును గూర్చియు!

మూడు: ఆరువారములు దాటిన కీళ్లనొప్పి, వాపుతోను ఉదయపు బిగువుతోను ఉన్నచో, మొదటి రక్తపరీక్షలకును ప్రయాణమునకును తగు మొత్తమును ఒక చిన్న నిధిగా నేర్పఱుపుడు. మన ప్రాంతపువారు ఈ వ్యాధులకై చెన్నపట్టణమునకో, వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకో, హైదరాబాదు నిమ్సునకో పోవుచున్నారు. ఒంటరి స్త్రీకి తోడు పోవు వాలంటీరు ఒకరుండిన చాలును. 2020లో కోవిడ్ నాడు లుపస్‌వారి నిత్యౌషధమైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌కై జనమెల్ల ఎగబడినప్పుడు, నిజముగా దానిపై బ్రతుకువారికి మాత్రలు కఱవయ్యెను. అట్టి దినములందు పదిమంది కలిసి వెదకినచో దొరకును.

నాలుగు: మనలో ధాన్యపు మిల్లులవారు, రొయ్యల షెడ్లవారు, దుకాణములవారు, బడులు నడుపువారు గలరు. మిమ్ము మేము దానమడుగుట లేదు. ఒక కుర్చీ, ఒక నీడ, ఒక జత చేతి తొడుగులు, ఒక గంట ఆలస్యపు అనుమతి అడుగుచున్నాము. మీ పనివారిలో నొకరు నేడు బాగుండి ఱేపు బాగులేక పోయినచో, "నిన్న బాగానే యుంటివే" యనుటకు ముందు, "నేడెట్లున్నది?" అని యడుగుడు.

తుదిమాట. 2010లో మేము మరల స్వర్ణాల చెఱువునకు పోయి ఉద్యోగ రొట్టెను ఇచ్చివేసితిమి. ఆ ఋణము తీరినది, ఉద్యోగము నిలిచినది. ఆరోగ్య రొట్టె యింకను బాకీయే. అది పూర్తిగా తీరునది గాదని వైద్యులు చెప్పనే చెప్పిరి. మేమును ఒప్పుకొంటిమి. అయినను ఏటేట ఆ నీటిలో నిలిచి, ఆరోగ్య రొట్టె యని కేకవేయు క్రొత్తముఖములను చూచునప్పుడు, వారి వ్రేళ్లవంక చూచుట మాకు అలవాటైనది. ఇంకను తిన్నగానున్న వ్రేళ్లు కనబడినచో, ప్రక్కకు పిలిచి, "అమ్మా, దాచవద్దు" అని చెప్పుచున్నాము. నేడు ఈ సభలోను అదియే చెప్పితిమి.



సర్వే జనాః సుఖినో భవంతు.